ఎదురుకాళ్ల పాంచాలి

ప్రభవ సంవత్సరం, అరవ లెక్కన వైగాసి నెల 9

పాంచాలి పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

ఏడవకూడదంటుంది అత్త. అమ్మవారు పోసి తీసుకుపోయిన బిడ్డకు మూడు నెలలు కన్నీళ్లు పెట్టకూడదట. పెడితే ఆ తల్లికి ఇచ్చినదాని కోసం ఏడ్చినట్టు అవుతుందట, ఆమె మళ్లీ ఊరిమీద చూపు పెడుతుందట. నిన్న పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే "పొగ కదా?" అంది. పొగే అన్నాను.

అందుకని రాసుకుంటున్నాను. ఈ కాగితాలు నా తమ్ముడు ఆండియప్ప కొండమీద దొర తోట నుంచి తెచ్చినవి, బియ్యం కుండలో మడిచి పెట్టాను. అక్షరాలు నాకు మా నాయన నేర్పాడు, చిన్నమనూరులో, తమ్ముడు చదువు ఎగ్గొట్టి పారిపోతే వాడి చోట నన్ను కూర్చోబెట్టి, ఇసుకలో. తెలుగు అక్షరాలే నేర్పాడు. ఈ పీలమేట్లో ఇంటింటా మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. మా ఆయన కోదండం కూడా అంతే. కాబట్టి ఇక్కడ ఏం రాసినా నాది నాకే.

రాయాల్సింది ఒకటే. ఆండియప్ప మేట్టుపాళయం నుంచి కొండకు బండి తోలుతాడు. సంవత్సరాది నాడు నడుము పట్టేసి మా ఇంటికి వచ్చాడు. పాంచాలిని పిలిచి వీపు తొక్కించుకున్నాడు. వాడి ఒంట్లో అప్పటికే అమ్మవారు ఉంది. రెండు రోజులకు వాడికి ముత్యాలు పోశాయి. పన్నెండో నాటికి నా బిడ్డకు జ్వరం వచ్చింది. వాడు బతికాడు.

వాడు పిలిచాడు, అది పోయింది.

వైగాసి 13

భుజం పట్టేసింది. కుడి భుజం వెనక, రెక్క ఎముక కింద నుంచి మెడ దాకా. నీళ్ల బిందె ఎత్తినప్పుడు పట్టి ఉంటుంది. చెయ్యి తల దాకా లేవడం లేదు. జడ అల్లుకోలేక ముడి చుట్టుకుని తిరుగుతున్నాను.

పాంచాలి ఉంటే అని రాయబోయాను.

వైగాసి 14

పాంచాలి ఉంటే.

వైగాసి 20

అది కాళ్లు ముందుగా పుట్టింది. మంత్రసాని ఆ రెండు పాదాలూ పట్టుకుని కూర్చుని దేవుళ్లందరినీ పేరుపేరునా తిట్టింది. తల బయటపడ్డాక, నాతో, "రామక్కాళూ, నీ ఇంట్లో వైద్యుడు పుట్టినాడే" అంది. మళ్లీ చూసుకుని, "వైద్యురాలు" అంది.

ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డ ఎడమ మడమతో మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని ఇక్కడ మా నాయుళ్లూ నమ్ముతారు, గౌండర్లూ నమ్ముతారు. నేను కళ్లారా చూశాను. మూడో ఏట నుంచి ఆదివారం పొద్దున మా పందిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు నేల వైపు మొహం పెట్టి, పసిపిల్ల కాలికోసం కాచుకుని ఉండేవాళ్లు. నేను దాని కాళ్లకు పసుపు రాసి, పడిపోకుండా రెండు చేతులూ పట్టుకునేదాన్ని. అది వీపుమీద ఒక్కొక్క అడుగే వేసేది. బెల్లం ముక్క, పిడికెడు పేలాలు తప్ప ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు.

పెద్దదైనకొద్దీ మూడు తొక్కులతో ఊరుకోలేదు. మడమతో వెతికేది. "అమ్మా, ఈ తాతకు ఇక్కడ గులకరాయి ఉండాది" అనేది. అక్కడ నిలబడి బరువు వేసేది. పడుకున్నవాడు కెవ్వున అరిచి, ఆ తర్వాత హాయిగా మూలిగేవాడు. ఒకసారి ఒక గౌండర్ను ముగ్గురు మోసుకొచ్చి బండిలోంచి దింపారు. పోయేటప్పుడు తన బండి తానే ఎక్కాడు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి చూపించాడు. పాంచాలి పడీపడీ నవ్వింది.

తొమ్మిదేళ్లు దానికి.

ఆని 3

ఆండియప్ప వచ్చాడు. అమ్మవారు పోసినప్పటి నుంచీ ఊరి బయట మా చేలో గుడిసెలోనే ఉన్నాడు. మొహమంతా గుంటలు, ఎడమకంట్లో పాల చుక్కలాంటి పువ్వు. గుమ్మంలోకి రాలేదు, వాకిట్లో నిలబడ్డాడు. మా ఆయన పొలానికి పోయాడు.

"అక్కా."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"నాకేమీ జ్ఞాపకం లేదక్కా. బండి దిగింది జ్ఞాపకం, అంతే. నేనే పిలిచినాను గదా దాన్ని? నడుం తొక్కమని నేనే పిలిచినాను గదా?"

నేను ఏమీ అనలేదు. వాడు తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

వాడే ఒప్పుకున్నాడు. నేను అనలేదు, వాడే అన్నాడు.

ఆని 11

సూలూరు నుంచి ఒక ముసలామె వచ్చింది, కొడుకు భుజంమీద వాలి, విల్లులా వంగి. ఆమెకు ఏమీ తెలియదు.

"ఎదురుకాళ్ల పాప ఉండే ఇల్లు ఇదేనామ్మా? నాలుగు కోసులు వస్తిమి. పాపను పిలువు తల్లీ, పుణ్యం ఉంటుంది."

నేను అత్తను పిలిచాను. అత్త లోపలి నుంచి వచ్చింది.

"పాప లేదు."

"యాడికి పోయింది? కాచుకుంటాము, తొందరేమీ లేదు."

"తొందర లేకుంటే కాచుకో. మేమూ అదే చేస్తా ఉండాము," అంది అత్త. తర్వాత ఆమె పక్కన కూర్చుని చెవిలో చెప్పింది. ముసలామె నావైపు చూసి, లేవబోయి, లేవలేక, కూర్చున్నచోటి నుంచే నా పాదం ముట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఎందుకో తెలియదు. ఆ పాదం ఎవరినీ బాగుచేయదు.

మజ్జిగ ఇచ్చి పంపాము.

ఆని 19

వావిలాకు కాచి పోసుకున్నాను. ఆముదం రాసి ఇసుకమూటతో కాపడం పెట్టుకున్నాను. బెణుకులు లాగే కల్యాణసుందరం వచ్చి, చెయ్యి పట్టి ఒక్క ఊపు ఊపి, "పోయింది చూడు" అన్నాడు. పోలేదు. తిరగలి తిప్పలేను. ఎడమచేత్తో తింటున్నానని అత్తకు కోపం. నెలలోపు మూడుసార్లు చెంబు జారిపోయింది.

నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి ఉండిపోతాను. ఆ కాసేపు వేరే ఏదీ గుర్తురాదు.

ఆని 27

మా ఆయన అన్నం తింటూ, ఎటో చూస్తూ చెప్పాడు. "మీ తమ్ముడు ఒక మాట పంపినాడు. మేట్టుపాళయంలో బండ్లు నిలిచే చోట చీనాక్కారన్ ఒకడు, చీనా దేశం మనిషి, ఉండాడంట. వేళ్లతో ఒత్తి, మోచేత్తో నూరి, నొప్పి తీసేస్తాడంట. బండివాళ్లంతా వాడి దగ్గరికే పోతారు."

"నాకు వద్దు."

"మగవాడని వద్దా? ఆడవాళ్లకు పెండ్లామే చేస్తుందంట. మన పక్కమ్మాయే, అరవామె."

"తమ్ముడు పంపింది వద్దు."

ఆయన కంచం నెట్టాడు. "ఉప్పు డబ్బా అందుకోలేకున్నావు. నాకు ఇంట్లో ఒక్కరు పోయింది చాలు," అన్నాడు. ఆ బిడ్డ గురించి ఆయన మాట్లాడింది ఇదే మొదలు.

ఆడి 2

వచ్చారు. ఆండియప్ప బండిలోనే తెచ్చాడు. వాడు లోపలికి రాకుండా వీధి చివర ఎద్దులను విప్పి అక్కడే ఉండిపోయాడు.

చీనాయన పేరు ఆహోయ్. పొట్టి మనిషి, యాభై దాటి ఉంటాయి. ఎక్కడో సింగపూరు వైపు ఏదో తప్పు చేశాడని కంపెనీవాళ్లు ఓడలో చెన్నపట్నం తెచ్చి, జైల్లో పెట్టి, కొండమీద తోట పనికి తోలారట. శిక్ష తీరాక ఇంటికి పోయే దారి లేక ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు కొండ మొదట్లో కూరాకులు పండిస్తాడు. పెళ్లాం పేరు తంగం. నా వయసే. చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా ఉన్నాయి.

ఆయన మా తిన్నెమీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆడవాళ్ల ఒంటిమీద చెయ్యి వెయ్యడు. తలుపుకు ఇవతల తంగం నన్ను ముట్టి చూసి చెప్పడం, అవతల నుంచి ఆయన అడగడం.

"నాలుక చూడు," అన్నాడు ఆయన అరవంలో. ఆయన అరవం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కాని అర్థమవుతుంది.

అత్త పత్తిలో చెత్త ఏరుతూ, "భుజం నొప్పికి నాలుక ఏంటికి?" అంది.

"మీరు పత్తి ఆకు చూసి వేరు సంగతి చెప్పరా అవ్వా, అట్లనే," అంది తంగం.

"నా కోడలు నాలుక సంగతి నన్నడుగు, చూడకుండానే చెప్తాను. పొడుగు."

తంగం నవ్వింది. తలుపు అవతల ఆయన కూడా నవ్వాడు. నాకు వచ్చిన నవ్వు భుజం దగ్గర కలుక్కుమని ఆగిపోయింది.

తర్వాత తంగం చేతులు కడుక్కుని తుడుచుకుని, వేళ్ల వెనకభాగం నా నుదుటిమీద ఉంచింది. తర్వాత మెడ కింద, తర్వాత పొట్టమీద. తొందరపడలేదు. "వేడి లేదు," అని బయటికి చెప్పింది.

"సరి. పట్టు," అన్నాడు ఆయన.

"జ్వరం లేదని అడిగితే నేనే చెప్పేదాన్ని గదా," అన్నాను.

"చెప్పినా చూడాలక్కా. ఆయన నాకు నేర్పిన మొదటి మాట అదే. వేడి ఒంటిని ముట్టరాదు. ఎముక నొప్పి వేరు, జ్వరం నొప్పి వేరు. లోపల జ్వరం పెరిగేటప్పుడు ముందు నడుమే అరుస్తుంది. దాన్ని పిసికితే వాళ్లకూ చేటు, పిసికేవాళ్లకూ చేటు. బండ్ల దగ్గర ఎంతమందిని వెనక్కి పంపేసినాడో. బూతులు తిట్టి పోతారు. పోనీ అంటాడు."

ఆమె ఇంకా ఏదో చెప్పింది. బొటనవేలు రెక్క ఎముక కిందికి దించింది. మోచెయ్యి ఆనించి ఒరిగింది. చిన్న వెదురు గొట్టాలు వేడిచేసి వీపుమీద అంటించింది, అవి చర్మాన్ని లోపలికి పీల్చుకున్నాయి. ఊపిరి వదలమంది. నేను వదలలేదట. మూడుసార్లు చెప్పిందట.

ఆడి 3

వేడి ఒంటిని ముట్టరాదట.

ఆడి 5

రాస్తాను. ఎవరూ చదవరు కదా.

సంవత్సరాది నాడు ఇంట్లో పదిమంది ఉన్నారు. వేపపువ్వు పచ్చడి కలుపుతున్నాను. ఆండియప్ప బండి దిగి వంగిపోయి నడిచొచ్చి పందిట్లో పడుకున్నాడు. మూలుగుతున్నాడు. మా ఆయన చిన్నమ్మ సంతానలక్ష్మి, అందరూ వినేటట్టు, "ఊరందరి నడుములూ తొక్కే పిల్ల సొంత మామకు తొక్కదా? బెల్లం ఇచ్చేవాళ్లకేనా?" అంది. అందరూ నవ్వారు.

నాకు రోషం వచ్చింది. "పాంచాలీ" అని పిలిచాను. నేనే పిలిచాను.

వాడు తలెత్తి, "వద్దులే అక్కా. బిడ్డను ఆడుకోనీ. కొంచెంసేపు పడుకుంటే పోతుంది," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బండి ఎండలో వచ్చాడు కదా అనుకున్నాను.

అది వచ్చి ఒక కాలు వాడి వీపుమీద పెట్టి తీసేసింది. నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుని, నెమ్మదిగా, "మామ ఒళ్లు కాలతా ఉండాది అమ్మా. నేను తొక్కను," అంది.

దాని పాదానికి తెలిసింది. ఆరేళ్లుగా మనుషుల వీపులమీద నడిచిన పాదం. ఎవరూ నేర్పకుండానే దానికి తెలిసింది.

నేను, "మూడు తొక్కులు తొక్కి రా, పో. అందరూ చూస్తా ఉండారు," అన్నాను. మెడ వెనక చెయ్యి పెట్టి నెట్టాను. మెల్లగానే. కాదు, నెట్టాను. తర్వాత దాని రెండు చేతులూ పట్టుకుని వాడి వీపుమీద నిలబెట్టాను. మూడుకు నొప్పి వదల్లేదు. ఇంకో మూడు అన్నాను. సంతానలక్ష్మి చూస్తూ ఉంది. ఎన్ని మూళ్లు తొక్కించానో తెలియదు. దిగి వచ్చి తానే కాళ్లు కడుక్కుంది.

అమ్మవారు వచ్చేముందు నడుమే పట్టుకుంటుందని తర్వాత ఊళ్లో అందరూ అన్నారు. నాకు చిన్నప్పుడే పోసింది, నా చెంపమీద గుంటలున్నాయి. నాకు గుర్తుకు రాకూడదా.

ఇంకొకటి కూడా రాయాలి. ఆని 3న వాడు వాకిట్లో నిలబడి "నేనే పిలిచినాను గదా" అని అడిగినప్పుడు నేను ఏమీ అనలేదని రాశాను. అనలేదు. తల ఊపాను.

ఆడి 14, ఆదివారం

గుడి దగ్గర అమ్మవారికి అంబలి పోశాము. ఇంటింటి నుంచీ కుండ పోవాలి, మా ఇంటి నుంచీ పోయింది. అత్త మోసింది, నా చెయ్యి లేవదు కనుక. బిడ్డను తీసుకున్నామెకు వంగి దండం పెట్టాను. ఆమెమీద కోపం రాలేదు. వస్తే బాగుండేది.

ఆడి 17

ఇవాళ తమ్ముడికి చెప్పేద్దామనుకున్నాను. మా ఆయన పక్కన ఉన్నాడు.

ఆడి 18

ఇవాళ ఆడి పద్దెనిమిది, ఏటి నీళ్లకు పండుగ. పండుగ పూట ఎందుకని చెప్పలేదు.

ఆడి 25

వాడు కొండమీద ఉన్నాడు.

మూడు నెలలు నిండి మూడు రోజులయింది. ఇంక ఏడవచ్చు. ఏడుపు రాలేదు.

ఆవణి 1

తంగం మూడోసారి వచ్చింది. చెయ్యి చెవి దాకా లేస్తోంది. అంతకు మించి లేవడం లేదు. ఆమె వేళ్లతో తడిమి, తలుపు అవతలికి చాలాసేపు చెప్పింది. ఆయన ఏదో అడిగాడు. ఈమె లేదంది.

"ఏమంటాడు?"

"మిగిలిన ముడి చేతికి లొంగేది కాదంటాడు. కాలితో తొక్కాలి. మగవాళ్లకు ఆయన దూలానికి తాడు కట్టుకుని వీపుమీదికి ఎక్కుతాడు. నీకు నేను తొక్కుతానక్కా. సన్నగానే ఉండాను, బరువు వెయ్యను."

"కాలు వద్దు."

"నొప్పి ఉండదు."

"వద్దు తంగం."

ఆమె బలవంతం చెయ్యలేదు. నూనె తుడుస్తూ, "మీ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకే మట్టి. నీ తమ్ముడి నడుము మళ్లీ పట్టేసింది, తెలుసా? కొండదారిలో బండి దిగబడితే భుజం పెట్టి ఎత్తినాడు. పదిహేను రోజులుగా కొడవలిలా వంగి నడుస్తా ఉండాడు. మా ఆయన రోజూ పిలుస్తాడు. ఆ పక్కకే రాడు. మిగతా బండివాళ్లను తానే తెచ్చి పడుకోబెడతాడు. తాను మాత్రం ముట్టనీడు," అంది.

"ఏంటికి?"

"అడిగితే, తొక్కాల్సిన కాలు తొక్కేసింది, ఇంక వేరే చెయ్యి వద్దన్నాడంట. నాకు అర్థం కాలేదు. నీకు అర్థమయిందా?"

లేదన్నాను.

ఆవణి 4

వాడికి చెప్తే ఏమవుతుంది. పోయినది రాదు. వాడు మగవాడు, ఓర్చుకుంటాడు. నేను తల్లిని.

ఆవణి 5

నిన్న రాసింది చదివాను. సిగ్గయింది.

ఆవణి 9

వీధిలో వాడి బండి పోయింది. నొగమీద కూర్చోలేక పక్కన నడుస్తున్నాడు, చెయ్యి బండి పక్కకర్రమీద ఆనించి. ముసలివాడిలా ఉన్నాడు. వాడికి ఇరవై నాలుగు.

ఆవణి 12

చెప్పాను.

పొద్దున్నే చేలో గుడిసె దగ్గరికి నడిచి పోయాను. వాడు ఎద్దు మెడమీద కాడి రాపిడికి పుండైనచోట వేపనూనె రాస్తున్నాడు. వంగినవాడు ఇంకా వంగి.

"ఏమక్కా, ఇంతదూరం నడిచొస్తివి. పిలిస్తే నేను రానా? చెయ్యి ఎట్లుండాది?"

"చెవి దాకా లేస్తుంది. నీ నడుము చీనాయనకు ఏంటికి చూపవు?"

"ఉండనీ అక్కా."

"ఎద్దుకు నూనె రాస్తావు. నీకు వద్దా?"

"ఎద్దు ఏం తప్పు చేసింది?" అన్నాడు.

నేను ఆ ఎద్దు మొహమే చూస్తూ చెప్పాను. వాడి మొహం చూస్తే నోరు రాదని తెలుసు. "ఆండియప్పా, నువ్వు పిలవలేదు. నేను పిలిచినాను. నువ్వు వద్దంటివి, బిడ్డను ఆడుకోనీ అంటివి. అదీ వద్దనింది. మామ ఒళ్లు కాలతా ఉండాది, తొక్కను అనింది. సంతానలక్ష్మి చిన్నత్త ఏదో అనిందని నాకు రోషం వచ్చింది. నేను నెట్టినాను. చేతులు పట్టుకుని నేనే తొక్కించినాను."

నూనె రాసే చెయ్యి ఆగలేదు. ఎద్దు చెవి ఆడించింది.

"నేను అడిగినాను గదక్కా. మీ వాకిట్లో నిలబడి."

"అడిగినావు."

"నువ్వు తల ఊపినావు."

"ఊపినాను."

"ఎన్ని రోజులయింది?"

"డెబ్బై దాటినాయి."

"నేను బిడ్డను పూడ్చిన గుంత దగ్గరికి పోతా ఉంటిని," అన్నాడు. "కొండ దిగి వచ్చినప్పుడల్లా. మామ తప్పు చేసినాడు అని చెప్పుకుంటా ఉంటిని. అది వినింటుంది గదా. దానికి తెలుసు గదా ఎవరు పిలిచినారో. వినీ వినీ ఏమనుకునిందో."

తిడతాడనుకున్నాను. నూనె గిన్నె మూసి పెట్టాడు, చేతులు గడ్డికి తుడుచుకున్నాడు, ఎద్దులను ఒక్కొక్కదాన్నే తెచ్చి కాడికి కట్టాడు. కాడి ఎత్తేటప్పుడు నొప్పికి మొహం తెల్లబోయింది. సాయం పట్టబోయాను. "వద్దు," అన్నాడు. "ఎండెక్కకముందే ఇంటికి పో" అన్నాడు. చివర అక్కా అనలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త పందిట్లో పత్తి ముందేసుకుని కూర్చుని ఉంది. నా కాళ్ల దుమ్ము చూసింది.

"చెప్పినావా?"

నేను నిలబడిపోయాను.

"ఆ పొద్దు నేనూ ఇక్కడే కూర్చునుంటిని. కళ్లు మసకలే గాని చెవులు కాదు," అంది. ఒక పత్తికాయ తీసి వలిచింది. "నీ అంతట నువ్వు చెప్తావని చూస్తా ఉంటిని. నేను చెప్పేది కాదు గదా అది." తర్వాత తన పక్కన నేలమీద చేత్తో తట్టింది. "కూర్చో. ఏడువు. మూడు నెలలూ నిండినాయి. ఇంకా అమ్మవారు ఏమన్నా అంటే నేను చెప్పుకుంటాను."

ఆవణి 13

ఏడ్చాను. నిన్నంతా, ఇవాళ కూడా. అత్త నా భుజంమీద చెయ్యి వేసి ఉంచింది. ఒత్తడం ఆమెకు రాదు. ఊరికే వేసి ఉంచింది.

ఆవణి 30

తమ్ముడు రాలేదు. మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన విని బయటికి పోయి, గిత్తకు నీళ్లు పెట్టి వచ్చి, "నేనూ పందిట్లోనే ఉంటిని గదా," అన్నాడు. "ఆపలేదు గదా," అన్నాడు.

పురటాసి 11

విత్తనాలు వేస్తున్నారు. వానకు మన్ను నల్లగా మెత్తగా ఉంది. ఆండియప్ప ప్రతి ఏడూ ఈ నెలలో కొండపని మాని నాగలి పట్టడానికి వచ్చేవాడు. ఈ ఏడు చెల్లప్పను కూలికి పెట్టుకున్నాము. వాడి గురించి ఎవరూ అడగలేదు.

ఐప్పసి 4

తంగం వచ్చింది. వేరేవాళ్ల బండిలో వచ్చింది. ఆహోయ్ తిన్నెమీద ఎప్పటిలా కూర్చున్నాడు. నా నుదురు, మెడ, పొట్ట చూసి, వేడి లేదంది. బోర్లా పడుకున్నాక, వేలు ముడిమీద పెట్టి, నేను అడగకుండానే చెప్పింది.

"నీ తమ్ముడు పడుకున్నాడక్కా."

నేను ఊపిరి వదిలాను.

"పోయిన వారం. ఎవరూ పిలవలేదు. తానే వచ్చి చాపమీద బోర్లా పడుకున్నాడు. మా ఆయన మామూలుగా నుదుటిమీద చెయ్యి పెట్టినాడు, వేడి చూడాలి గదా. అంతే, ఏడవడం మొదలుపెట్టినాడు. ముట్టనే లేదు ఇంకా. బండివాళ్లంతా చుట్టూ నిలబడి చూస్తా ఉండారు. మా ఆయన వాళ్లను పొమ్మని, తాడు పట్టుకుని ఎక్కినాడు. ఎంత అరిచినాడో. రేవు దాకా వినబడింది. లేచినాక నిటారుగా నిలబడి, తాను అంత పొడుగని మరిచిపోయి, తల వాసానికి కొట్టుకున్నాడు."

చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను అనుకుంటాను. నా మొహం చాపలో ఉంది.

"ఇంకేమన్నా అన్నాడా?"

"పొలానికి వస్తావా, అక్కావాళ్లు విత్తనాలు వేసినారంట అన్నాను. రానన్నాడు. ఇప్పుడు రానన్నాడే గాని, ఇంకెప్పటికీ రాను అని మాత్రం అనలేదు. పోతా పోతా, అక్క చెయ్యి ఇంకా నొప్పి ఉండాదా అని అడిగినాడు. ఉండాదన్నాను. ఊకొట్టి పోయినాడు."

ఆమె తర్వాత, మెల్లగా, "ఇవాళైనా కాలు వెయ్యనీ అక్కా," అంది. వద్దన్నాను. మోచేత్తోనే చేసింది. చెయ్యి చెవి దాటి కొంచెం పైకి పోయింది.

వాళ్లు పోయాక ఇది రాస్తున్నాను. నా తమ్ముడి నడుము బాగయింది. వాడు నిటారుగా నడుస్తున్నాడు. నా చెయ్యి గురించి అడిగాడు.

అది చాలు అని రాయబోయి ఆగాను. చాలదు.